మూలపాఠముపై హక్కు: ఇంటి కంప్యూటరున లినక్సు ప్రవేశము

తాళపత్రముల కాలమున గ్రంథమును చదువువాడు అవసరమైనపుడు దానిని వ్రాసికొనువాడును అయియుండెను. గ్రంథములను పెట్టెలలో దాచి ఇతరులకు చూపనివారు లేకపోలేదు. అయినను చేతికి వచ్చిన గ్రంథము చదువరినుండి ఏమియు దాచెడిది కాదు. అక్షరమక్షరము కన్నులయెదుటనే ఉండెడిది. లేఖకుని పొరపాటును సవరించుటకు, పాఠాంతరమును ప్రక్కన గుర్తించుటకు, సవరించిన ప్రతిని మరియొకరికి ఇచ్చుటకు వానికి వీలుండెడిది. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులను జీతములిచ్చి నియమించి, వ్రాతప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులను వ్రాయించుట ఈ వీలువలననే సాధ్యమయ్యెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యముల సంపుటము అట్టి పరిశ్రమకు ఫలము. పరిష్కర్త పాండిత్యము ఎంతటిదైనను, మూలపాఠము చేతిలో లేనిచో ఆ పాండిత్యమునకు పని లేదు.

నేటి తెలుగు రచయితలలో అనేకులు కంప్యూటరుపై వ్రాయుచున్నారు. రచయితకును యంత్రమునకును నడుమ, రచయిత చూడని మరియొక రచన కలదు. మీట నొక్కగానే ఏ అక్షరము పడవలెనో, వ్రాసినది ఎక్కడ భద్రపరుపబడవలెనో, అచ్చుయంత్రమునకు ఎట్లు పంపబడవలెనో నిర్ణయించు ఆ రచనకు ఆపరేటింగు సిస్టము అని పేరు. అదియును మనుష్యులు వ్రాసినదే. దానికి రెండు రూపములు కలవు. మనిషి చదివి తెలిసికొనదగినది సోర్సు కోడు, అనగా మూలపాఠము. యంత్రము మాత్రమే గ్రహించునట్లు మార్చబడినది రెండవ రూపము. రెండవ రూపమును మాత్రమే పొందినవాడు దానిని నడపగలడు, చదువలేడు, సవరింపలేడు. ఇంటింటి కంప్యూటరులలో మొదట ప్రవేశించినది ఈ రెండవ రూపమే. మూలపాఠముతో కూడిన ఆపరేటింగు సిస్టము సామాన్యగృహస్థుని యింటికి ఎట్లు వచ్చెను, దానివలన తెలుగునకు ఏమి లభించెను, ఏమి లభింపలేదు అనునది ఈ కాలపు సాహిత్యచరిత్రకారుడు ఉపేక్షింపదగిన విషయము కాదు.

ఆదిలో మూలపాఠము దాపరికములో లేదు. 1960లలో కంప్యూటరు అనగా గదినంతయు ఆక్రమించు యంత్రము. దానిని కొన్నవారికి ప్రోగ్రాములు యంత్రముతోపాటే వచ్చెడివి. 1969 జూన్‌లో ఐబీఎం సంస్థ ప్రోగ్రాములకు వేరుగా వెల నిర్ణయింపనున్నట్లు ప్రకటించిన పిదప అవి స్వతంత్రమైన సరకుగా మారజొచ్చెను. ఆ సంవత్సరముననే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను ఆపరేటింగు సిస్టమునకు అంకురార్పణ చేసిరి. ఆ ప్రయోగశాల ఏటీ అండ్ టీ అను టెలిఫోను సంస్థకు చెందినది. టెలిఫోనుకు సంబంధింపని వ్యాపారములలో ఆ సంస్థ ప్రవేశింపరాదని 1956లో ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక యొకటి అడ్డుపడుచుండెను. అందువలన యూనిక్సు మూలపాఠము స్వల్పమైన రుసుముతో విశ్వవిద్యాలయములకు చేరెను. విద్యార్థులు దానిని గ్రంథమువలె చదివిరి, తప్పులు దిద్దిరి, క్రొత్త భాగములు చేర్చిరి. 1984లో ఆ సంస్థ విభజింపబడి పూర్వపు నిర్బంధము తొలగగానే యూనిక్సును వ్యాపారవస్తువుగా విక్రయించుట బలపడెను. లోనికి తీసిన తలుపు మెల్లగా మూతపడెను.

ఈలోపల చిన్న కంప్యూటరులు పుట్టెను. 1976 ఫిబ్రవరిలో ఇరువదియేండ్ల బిల్ గేట్సు, ఆ యంత్రములతో వినోదించు ఔత్సాహికులకు ఒక బహిరంగలేఖ వ్రాసెను. తాను, తన సహచరులు శ్రమించి వ్రాసిన ప్రోగ్రామును వెల చెల్లింపక నకళ్లు తీసికొనుట దొంగతనమని ఆ లేఖ సారాంశము. శ్రమకు ప్రతిఫలము కోరుటలో అన్యాయము లేదు; గ్రంథకర్తలకు ఈ బాధ చిరపరిచితమే. కాని ఆ వాదము క్రమముగా రెండవ మెట్టు ఎక్కెను. నకలు తీయరాదనుటతో ఆగక, చదువరాదు, విప్పి చూడరాదు, దిద్దరాదు అనునంతవరకు అది పోయెను. 1981లో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటరు విపణిలోనికి వచ్చినపిమ్మట ఇండ్లకు చేరిన ఆపరేటింగు సిస్టములు ఇట్టి నిబంధనలతోనే చేరినవి.

ఈ పరిణామమును సహింపలేకపోయిన వ్యక్తి రిచర్డు స్టాల్‌మన్. ఆయన మసాచుసెట్స్ సాంకేతికవిద్యాసంస్థలోని కృత్రిమమేధ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. అచ్చటి పాత ముద్రణయంత్రమున కాగితము చిక్కుకొన్నపుడు ఆ వార్త పనిచేయువారి తెరలపై కనబడునట్లు ప్రోగ్రాము సవరింపబడియుండెను. 1980 ప్రాంతమున క్రొత్త లేజరు ముద్రణయంత్రము వచ్చెను. దానికి మూలపాఠము లేదు. మరియొక విశ్వవిద్యాలయమున ఆ మూలపాఠము గల వ్యక్తిని స్టాల్‌మన్ అడుగగా, ఎవరికిని ఈయనని తాను మాట యిచ్చియున్నానని అతడు నిరాకరించెను. కాగితము చిక్కుకొనుట అల్పవిషయమే. దానిని సరిచేయగల నేర్పుండియు, చేయుటకు వీలులేకపోవుట అల్పవిషయము కాదని స్టాల్‌మన్ తలంచెను. 1983 సెప్టెంబరు 27వ తేదీన, యూనిక్సును పోలినదియు, మూలపాఠము ఎల్లరకును తెరచియుండునదియునగు 'గ్నూ' అను వ్యవస్థను నిర్మింపనున్నట్లు ఆయన ప్రకటించెను. మరుసటి సంవత్సరారంభమున ఉద్యోగము మాని పని మొదలిడెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడెను.

'ఫ్రీ' అను ఆంగ్లపదమునకు ఉచితమనియు, స్వేచ్ఛగలదనియు రెండర్థములు. ఈ ద్వ్యర్థమువలన స్టాల్‌మన్ జీవితకాలమంతయు వివరణలు ఈయవలసివచ్చెను. తెలుగున ఆ చిక్కు లేదు. 'ఉచితము' వెలకు సంబంధించినది. 'స్వేచ్ఛ' మనిషికి సంబంధించినది. హైదరాబాదు కేంద్రముగా ఈ యుద్యమమును నడపు సంస్థ 'స్వేచ్ఛ' అనియే పేరు పెట్టుకొనుట సముచితముగా నున్నది. ఆ స్వేచ్ఛ నాలుగు విధములు: ప్రోగ్రామును ఏ పనికైనను నడుపుట, మూలపాఠమును చదివి తన అవసరమునకు తగినట్లు మార్చుకొనుట, నకళ్లు పంచుట, సవరించిన నకళ్లను పంచుట. 1989లో వెలువడిన జనరల్ పబ్లిక్ లైసెన్సు అను అనుమతిపత్రము ఈ నాలుగింటిని న్యాయశాస్త్రపు భాషలో బంధించెను. అందలి ముఖ్యనిబంధన ఒకటే: సవరించిన ప్రతిని ఇతరులకిచ్చువాడు దాని మూలపాఠమును, అదే స్వేచ్ఛను, పుచ్చుకొనువానికి కూడ ఈయవలెను. గ్రంథస్వామ్యచట్టము సాధారణముగా నకలును నిషేధించుటకు ఉపయోగపడును. ఇక్కడ ఆ చట్టమే నకలును రక్షించుటకు వినియోగింపబడెను.

1990 నాటికి గ్నూ వ్యవస్థలో చాలభాగములు సిద్ధమైనవి. కాని యంత్రముతో నేరుగా వ్యవహరించు కెర్నెల్ అను నడిమిభాగము పూర్తికాలేదు. ఇల్లు కట్టి దూలము లేనట్లయ్యెను. ఆ లోపమును తీర్చినవాడు ఫిన్లండు దేశమునందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్. అతడు పనిచేసినది ప్రయోగశాలలో కాదు, 1991 జనవరిలో కొన్న తన సొంత కంప్యూటరుమీద. ఆమ్‌స్టర్‌డాం ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్ బోధనకొరకు 1987లో రచించిన మినిక్సు అను చిన్న వ్యవస్థ అతనికి ప్రేరణ యిచ్చెను. 1991 ఆగస్టు 25న, తానొక ఆపరేటింగు సిస్టమును వ్రాయుచున్నాననియు, అది కేవలము సరదాపని యనియు, గ్నూవంటి పెద్దది కాబోదనియు అతడు తోటివారికి తెలియజేసెను. సెప్టెంబరున వెలువడిన తొలిప్రతి సుమారు 10,000 పంక్తుల రచన. మొదట దానిని సొమ్ము పుచ్చుకొని పంచరాదని నిబంధన యుండెను. 1992లో ఆ నిబంధన తొలగించి, గ్నూ అనుమతిపత్రమునే లినక్సు స్వీకరించెను. గ్నూ భాగములును లినక్సు కెర్నెలును కలిసి, ఇంటి కంప్యూటరుపై నడువదగిన సంపూర్ణమైన స్వేచ్ఛావ్యవస్థ యేర్పడెను. ఒక ఇంటి కంప్యూటరుపై పుట్టుటవలననే అది ఇతరగృహములకు పోగలిగినది.

1991 తెలుగులిపి చరిత్రలోను ముఖ్యమైన సంవత్సరము. భారతీయలిపులకు సంకేతములను నిర్ణయించిన ఇస్కీ ప్రమాణమును భారతీయ ప్రమాణసంస్థ ఆ యేడే ఆమోదించెను. అక్టోబరున ప్రపంచలిపుల నన్నింటిని ఒక్క పట్టికలో చేర్చదలచిన యూనీకోడ్ తొలి సంపుటము వెలువడెను. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. కాని ఆచరణ వేరుమార్గమున పోయెను. 1990లలో తెలుగు అచ్చుకూర్పు చేసిన డీటీపీ కేంద్రములు ఈ ప్రమాణములను పాటింపలేదు. ఆంగ్లాక్షరములకు ఉద్దేశింపబడిన స్థానములలో తెలుగు తలకట్టులను, గుడులను, ఒత్తులను ముక్కలుగా పెట్టి ఖతులు తయారైనవి. చూచువానికి తెర మీద తెలుగు కనబడును. లోపల నిలిచియున్నది ఆంగ్లాక్షరముల, చిహ్నముల కలగాపులగము. ఒక్కొక్క సంస్థ అమరిక ఒక్కొక్కవిధము. ఆ ఖతి లేని కంప్యూటరున ఆ రచన అర్థరహితమగు గీతల వరుస. దానియందు ఒక పదమును వెదకుట సాధ్యము కాదు, అకారాదిగా అమర్చుట సాధ్యము కాదు. ఒక తరము రచయితల కథలు, కావ్యములు, పత్రికలు ఇట్టి తాళములలో చిక్కుకొన్నవి. తాళపత్రము చెదలకు లొంగెను. ఈ రచనలు తాళపుచెవి పోయినంతనే లొంగునట్టివి. స్వేచ్ఛావ్యవస్థ తెలుగు రచయితకు సంబంధించిన విషయమగుట ఈ స్థలముననే.

లినక్సు ఇండ్లకు చేరుట ఒక్కనాడు జరుగలేదు. ఆరంభమున దానిని నెలకొల్పుటకు ఫ్లాపీలదొంతరయు, మిక్కిలి ఓర్పును కావలసియుండెను. విడిభాగములను ఒకచోట కూర్చి అందించు సంకలనములు 1993నుండి బలపడినవి. పాట్రిక్ వోకర్డింగ్ కూర్చిన స్లాక్‌వేరు, ఇయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఆ సంవత్సరమునకు చెందినవే. భారతదేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోనికి వచ్చినను, టెలిఫోను తీగెపై ఇంతటి వ్యవస్థను దింపుకొనుట దుర్భరము. కంప్యూటరు పత్రికలు తమ సంచికలతో జతపరచిన సీడీలే పెక్కుమందికి తొలిపరిచయము. నెలకొల్పినపిమ్మటను చిక్కులు తీరలేదు. చవుకగా దొరకు మోడెములలో చాలభాగము మూసిన ప్రోగ్రాముపై ఆధారపడినవి కావున లినక్సున పనిచేయకుండెను. ఇంటర్నెట్టుకొరకు పాతవ్యవస్థకు, పనికొరకు క్రొత్తవ్యవస్థకు మాటిమాటికి మారవలసి వచ్చెడిది.

ఆజ్ఞలను అక్షరములలో వ్రాయనక్కరలేక బొమ్మలతో, కిటికీలతో పని జరుపు రూపమును 1996లో జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ ఆరంభించిన కేడీఈయు, 1997లో మెక్సికో యువకులు మిగేల్ ద ఇకాజా, ఫెదెరికో మేనా ఆరంభించిన గ్నోమ్‌ను సమకూర్చినవి. 1998లో 'ఓపెన్ సోర్స్' అను పేరు వ్యాపారలోకమునకు రుచించునట్లు కల్పింపబడెను. 2000లో క్లాస్ క్నాపర్ అను జర్మను ఇంజనీరు వెలువరించిన క్నాపిక్స్, కంప్యూటరునందు ఏమియు మార్పక సీడీనుండియే వ్యవస్థను నడిపిచూచు సదుపాయమును జనసామాన్యమునకు చేర్చెను. ఇల్లు కొనకముందు నాలుగుదినములు కాపురముండి చూచినట్లు, గృహస్థుడు నష్టభయము లేక పరీక్షింప వీలయ్యెను. 2004 అక్టోబరున దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ పోషణలో ఉబుంటు వచ్చెను. కోరినవారికెల్ల దాని సీడీలు టపాఖర్చైనను లేకుండ ఇంటికి వచ్చెడివి. 2011లో ఆ ఉచితవితరణ నిలిచినను, అప్పటికి ఆ సీడీలు భారతదేశపు చిన్నపట్టణములకు కూడ చేరియుండెను.

నేటికిని మార్పుక్రమము సూత్రప్రాయముగా అదియే. వ్రాతలను, చిత్రములను మరియొక డిస్కున భద్రపరచుట మొదటిపని. దీనిని విస్మరించినవారే నష్టపడిరి. పిదప సీడీకి బదులు పెన్‌డ్రైవునుండి వ్యవస్థను నడిపి, ధ్వని, వైఫై, అచ్చుయంత్రము పనిచేయునో లేదో పరీక్షింపవలెను. తృప్తికలిగినచో డిస్కును రెండుభాగములు చేసి పాత, క్రొత్త వ్యవస్థలను ప్రక్కప్రక్కన నిలుపవచ్చును. లేదా క్రొత్తదానికే యావత్తు ఈయవచ్చును. యంత్రమును తెరచునపుడు ఏది కావలెనో యెన్నుకొను పట్టిక కనబడును. చాలగృహములలో ఈ ద్వంద్వకాపురమే మొదటిమెట్టు అయినది.

తెలుగు ఈ వ్యవస్థలో నిలదొక్కుకొనుటకు మూడుపనులు జరుగవలసియుండెను. మొదటిది ఖతి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అను యూనీకోడ్ ఖతులు స్వేచ్ఛానుమతితో వెలువడి, డెబియన్ మొదలగు సంకలనములలో స్థానము పొందినవి. రెడ్‌హ్యాట్ సంస్థ భారతీయభాషలకు విడుదలచేసిన లోహిత్ ఖతులలో తెలుగును కలదు. పిమ్మట సిలికానాంధ్ర సంస్థ కృషివలన గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, మండలి, సురవరం మొదలైన పేర్లతో పెక్కు ఖతులు స్వేచ్ఛానుమతితో వచ్చినవి. ఎవరైనను వానిని పుస్తకములకు వాడుకొనవచ్చును. వంపు నచ్చనిచో దిద్దుకొనవచ్చును.

రెండవది అక్షరములను కూర్చు నేర్పు. 'లక్ష్మి' అను మాట యంత్రస్మృతిలో ఏడు సంకేతముల వరుస: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ యేడింటిని చదివి, ఏది ఒత్తు కావలెనో, గుడి దేనిమీద నిలువవలెనో నిర్ణయించి తెరపై రెండక్షరములుగా చూపుటకు ప్రత్యేకమైన ప్రోగ్రాము కావలెను. స్వేచ్ఛాలోకమున ఈ పనిని మొదట పాంగో, పిదప హార్ఫ్‌బజ్ నిర్వహించినవి. 'పాంగో' అను పేరు సమస్తమను గ్రీకుపదమును, భాషయను జపానుపదమును కలిపి కట్టినది. 'హార్ఫ్‌బజ్' పారసీకపదముల కూర్పు. పారసీకమునకు, అరబ్బీకి, తెలుగునకు, తమిళమునకు ఒకే ప్రోగ్రాము సేవచేయుచున్నది. ఒక భాషవారు దిద్దిన లోపము ఇతరభాషలకును మేలు చేయుటకు మూలపాఠము ఉమ్మడిసొత్తగుటయే కారణము.

మూడవది మీటల అమరిక. జపానున పుట్టిన ఎం17ఎన్ అను భాషాభాండాగారమున తెలుగునకు ఇన్‌స్క్రిప్టు, ఆపిల్, పోతన, ఆర్‌టీఎస్ మొదలైన పద్ధతులు చేరియున్నవి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున తెలుగువారు ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాసికొనుటకు కల్పించిన పద్ధతియే ఆర్‌టీఎస్. ఈ విధముగా జపాను పరికరము, అమెరికాప్రవాసుల పద్ధతి, భారతప్రభుత్వపు ప్రమాణము ఒక తెలుగింటి కంప్యూటరున కలిసినవి. చిక్కుకొన్న పాతరచనలను విడిపించుటయు ఈ కృషిలో భాగమే. వెన్న నాగార్జున రచించిన 'పద్మ' వార్తాపత్రికల విడివిడి ఖతుల రచనను యూనీకోడులోనికి మార్చి చూపెను. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియాను ఆరంభించినవాడును అతడే.

ఖతి, కూర్పు, మీటలు సమకూరిన పిదప భాషాంతరీకరణము వచ్చెను. తెరపైని ప్రతి మాటను తెలుగుచేయుటకు స్వచ్ఛందసేవకులు పూనుకొనిరి. ఫైలు 'దస్త్రం' అయ్యెను. ఫోల్డరు 'సంచయం' అయ్యెను. పేస్టు 'అతికించు' అయ్యెను. దస్త్రము పూర్వము కచేరీలలో కాగితపుకట్టకు పేరు. లెక్కల గదిలో పడియున్న మాట క్రొత్త యంత్రముపైకి నడచివచ్చినది. సంచయము సంస్కృతము; అతికించుట ఇంటిమాట. మూడు మూలములనుండి వచ్చిన మాటలు ఒకే పట్టికలో కూర్చున్నవి. వీనిలో కొన్ని వాడుకలోనికి రాలేదు. 'ఫైలు' అనుటయే చాలమందికి సుఖము. అయినను ఏ మాట యుండవలెనను నిర్ణయము దూరదేశపు వ్యాపారసంస్థలో జరుగక, తెలుగు తెలిసినవారి వాదోపవాదములలో జరుగుట గమనింపదగినది. మాట నచ్చనివాడు మరియొకమాటను ప్రతిపాదింపవచ్చును. వాడుకభాషావివాదమును చూచిన జాతికి ఇట్టి తర్కము క్రొత్తది కాదు.

మూసిన వ్యవస్థయందు ఈ సంబంధము ఎట్లుండునో 2018 ఫిబ్రవరిలో జరిగిన యొక సంఘటన చూపినది. 'జ్ఞా' అను తెలుగు అక్షరపు ఒకానొక సంకేతక్రమము కనబడినంతనే ఆపిల్ సంస్థ ఫోనులలోను, కంప్యూటరులలోను ప్రోగ్రాములు కుప్పకూలినవి. జ్ఞానమునకు ఆద్యక్షరమైన వర్ణము ప్రపంచపత్రికలలో పరిహాసవస్తువయ్యెను. ఆ సంస్థ కొలదిదినములలోనే, ఫిబ్రవరి 19న, సవరణ పంపెను. అందు ఆలస్యము చేసినదనుటకు వీలులేదు. అయితే ఆ దినములలో తెలుగు లిపితత్త్వమెరిగినవారు బయటనుండి ఊహింపవలసినవారే గాని లోన చూడగలవారు కారు. తమ అక్షరమునకు వచ్చిన రోగమునకు తాము వైద్యులు కాలేకపోయిరి.

ప్రభుత్వములును ఈ మార్పునకు తోడ్పడినవి. 2001 జులైలో స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు సంస్థ భారతశాఖ తిరువనంతపురమున ప్రారంభమయ్యెను. అదే సంవత్సరమున ఆరంభమైన కేరళ పాఠశాలల కంప్యూటరు విద్యాపథకము క్రమముగా స్వేచ్ఛావ్యవస్థకు మారెను. బడిలో నేర్చిన వ్యవస్థనే పిల్లలు ఇంటికి ఉచితముగా తీసికొనిపోగలిగిరి. 2007లో సీడాక్ సంస్థ భారతీయభాషలతో కూడిన 'బాస్' అను సంకలనమును విడుదలచేసెను. 2015లో కేంద్రప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్సునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించెను. విధానప్రకటనయే విజయము కాదని జర్మనీలోని మ్యూనిక్ నగరచరిత్ర తెలుపుచున్నది. ఆ నగరపాలకసంఘము 2003లో లినక్సునకు మారదలచి, 2013 నాటికి ఆ మార్పును ముగించి, 2017లో తిరిగి విండోసునకు పోవ నిశ్చయించెను. పైనుండి వచ్చిన మార్పు పైవారు మారినపుడు మారును.

తెలుగు గృహములలోను ఈ మార్పు అవరోధములు లేనిది కాదు. ప్రచురణసంస్థలు, పత్రికలు, డీటీపీ కేంద్రములు పూర్వపు ఖతులను, పేజ్‌మేకరును విడువనంతకాలము రచయిత ఒక్కడు మారినచో అతని ప్రతి అచ్చున మరల కూర్పబడవలసి వచ్చెడిది. స్వేచ్ఛాలోకపు పుటకూర్పు ప్రోగ్రామైన స్క్రైబస్ చాలకాలము భారతీయలిపులను సరిగా కూర్పలేకపోయెను. హార్ఫ్‌బజ్‌ను స్వీకరించిన పిమ్మటనే ఆ కొరత తీరెను. తెలుగు అనువాదములు అసంపూర్ణములు. కొన్ని తెరలలో ఒక పంక్తి తెలుగున, మరుపంక్తి ఆంగ్లమున కనబడును. దిద్దుటకు హక్కున్నది, దిద్దువారు తక్కువ. మూసిన వ్యవస్థలో లోపమునకు సంస్థను నిందింపవచ్చును. తెరచిన వ్యవస్థలో ఆ నింద తిరిగి మనమీదికే వచ్చును. మరియొక వైపరీత్యమును కలదు. నేడు తెలుగును అధికముగా వ్రాయు సాధనము చేతిఫోను. 2008లో విపణిలోనికి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము లినక్సు కెర్నెలే. ఆ విధముగా లినక్సు కోట్ల చేతులలోనికి చేరినను, దానిపైన మూసిన భాగములు కప్పబడియుండుటవలన మూలపాఠముపై హక్కు ఆ చేతులకు సంపూర్ణముగా చేరలేదు. వ్యవస్థ వ్యాపించుట వేరు, స్వేచ్ఛ వ్యాపించుట వేరు.

2025 అక్టోబరు 14న విండోస్ 10 వ్యవస్థకు సాధారణ భద్రతాసవరణలు ముగిసినవి. గృహస్థులకు నిబంధనలకు లోబడి మరియొక సంవత్సరము గడువు లభించినను, తరువాతి వ్యవస్థకు కావలసిన అంగములు లేని కంప్యూటరులు అనేకములు, చక్కగా పనిచేయుచున్నను, కాలము చెల్లినవిగా లెక్కింపబడినవి. అట్టి యంత్రములకు లినక్సు పెట్టుకొనుడని కేడీఈ మొదలగు సంఘములు ప్రచారము సాగించెను. గట్టిగానున్న యంత్రము, దానిని నడపు రచన ఒకరి నిర్ణయమువలన నిలిచిపోయిన కారణమున, చెత్తకుప్పకు చేరవలెనా అను ప్రశ్న ఇప్పుడు సామాన్యగృహమునకే ఎదురైనది. నలువదియేండ్లక్రిందట ముద్రణయంత్రము విషయమున స్టాల్‌మన్ వేసికొన్న ప్రశ్న ఇదియే.

ఈ చరిత్రనుండి తేలు విషయము స్పష్టము. ఆపరేటింగు సిస్టమును మార్చుట ఖర్చు తగ్గించుకొనుటకు మాత్రమే అయినచో అది గృహస్థుని సొంతలెక్క. కాని తెలుగువంటి భాషకు అది భవిష్యత్తు లెక్క. ఈనాడు వ్రాయబడు కథ ఏబదియేండ్ల పిదప తెరువబడునా లేదా అనునది దానిని వ్రాసిన రూపముపై ఆధారపడియున్నది. యూనీకోడున వ్రాసి, 2006లో అంతర్జాతీయప్రమాణముగా అంగీకరింపబడిన ఓపెన్ డాక్యుమెంటు రూపమున భద్రపరచిన రచనను, ఏ సంస్థ యున్నను లేకున్నను, ఆ ప్రమాణమును చదివినవాడు తెరువగలడు. లిబ్రాఫీసు వంటి స్వేచ్ఛాప్రోగ్రాములు ఆ రూపముననే భద్రపరచును; విండోసున్న యింటను అవి పనిచేయును. కావున వ్యవస్థను మార్చుటకు వెనుదీయు రచయితయైనను వ్రాతరూపమును మార్చుకొనుటకు ఆటంకము లేదు. పూర్వపు ఖతులలో నున్న ప్రతులను, వానిని తెరువగల యంత్రములుండగానే, యూనీకోడునకు మార్చుకొనుట అత్యవసరకార్యము.

ప్రోగ్రాములు వ్రాయుట సాహిత్యకారుల వృత్తి కాదు. కాని ఏ ఒత్తు ఎక్కడ చెదిరెనో, ఏ మాట తెలుగుచెవికి కటువుగా నున్నదో, ఏ సంయుక్తాక్షరము ఖతిలో లోపించెనో కనిపెట్టగలవారు వారే. ఆ లోపమును వ్రాసి పంపుటకు, మాటను ప్రతిపాదించుటకు ప్రోగ్రాము నేర్వనక్కరలేదు. ఎచ్చటనో ఒక విద్యార్థి ఇంటికంప్యూటరుపై సరదాకు ఆరంభించిన పని తెలుగువారి గృహములకు చేరినది. అందలి తెలుగును శుద్ధపరచు పని మాత్రము హెల్సింకీవారు చేయజాలరు. మూలపాఠము చేతికి వచ్చినది. ఇక కావలసినది పరిష్కర్తలు.